షోకేసు వెనక గుడ్డ

రాజమండ్రి మెయిన్‌రోడ్డులో పట్టుచీరల కొట్లకి షోకేసులు అలంకరించే నూకరాజు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. చీరల వెనక కట్టే ముతక గుడ్డని రంగులో ముంచే ముందు, దాని ఒక మూలకి దారం చుట్టి గట్టిగా ముడి వేసేవారు. ఎందుకని అడిగితే నవ్వేసేవారు. ఏ ప్రశ్నకీ వెంటనే జవాబు చెప్పే మనిషి కారాయన.

ఒక ఏడాది దసరా ముందు ఆయన శిష్యురాలు సత్యవేణి అడిగింది. "మాస్టారూ, ఒక్క పండక్కి వాడి పారేసేదేదో, మళ్ళీ మళ్ళీ పనికొచ్చేదేదో ఎంచుకునేటప్పుడే ఎలా తెలుస్తుంది?"

మాస్టారు ఒకే తానులోంచి మూడు తెల్లటి ముక్కలు చింపారు. ఒకటి ఆమెకిచ్చారు, ఒకటి తను ఉంచుకున్నారు, మూడోది మడిచి పెట్టెలో పెట్టారు. "మన షావుకారు కొట్టుకి రెండు షోకేసులు. కుడివైపుది నీది. నచ్చిన రంగు వేసుకో" అన్నారు.

సత్యవేణికి సొంతంగా చేతికొచ్చిన మొదటి షోకేసు అది. గుడ్డని కాటుక నలుపులో ముంచింది. ఆ నలుపు మీద జరీ నిప్పురవ్వల్లా మెరిసింది. పోయే రిక్షాలు కూడా ఆగాయి. పక్కనే మాస్టారి లేత పసుపు వెలవెలబోయింది.

"ఏం మాస్టారూ, మీది పెళ్ళికూతురి పక్కన పేరంటాలిలా ఉందే!" అని షావుకారు వీరభద్రంగారు అందరి ముందూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వారు.

దీపావళికి మాస్టారి పసుపు గుడ్డ కుంకుమరంగు తొట్టిలో మునిగి, కొత్తదానిలా వచ్చి కూర్చుంది. సత్యవేణి గుడ్డ ఏ రంగులో ముంచినా నల్లగానే తేలింది. "ఏమ్మా, నీ వైపు ఇంకా దసరా అవలేదా?" అన్నారు షావుకారు. క్రిస్మస్ దగ్గరపడేసరికి ఆయన వేళాకోళం మానేశారు. ఈ పండక్కీ ఇలాగే ఉంటే ఆ షోకేసు థర్మాకోల్‌తో అలంకరించే విశాఖ వాళ్ళకి ఇచ్చేస్తానన్నారు. సత్యవేణి వెంటనే గుడ్డని బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టింది. నలుపు పూర్తిగా వదల్లేదు గానీ, గుడ్డ చివికిపోయి, పిండబోతే వేళ్ళ సందుల్లో పోగులు పోగులుగా ఊడొచ్చింది.

ఆ పోగులు పట్టుకుని మాస్టారి దగ్గరికి వచ్చింది. ఆయన పెట్టెలోంచి ఒక పాత గుడ్డ తీశారు. బొగ్గులా ఉంది. మూలన ఉన్న ముడి విప్పారు. లోపల వలయాలు. నడిమధ్యన తెలుపు, దాని చుట్టూ పసుపు, ఆపైన కుంకుమ, దానిమ్మగింజ రంగు, వంగపండు రంగు. ముంచిన ప్రతిసారీ దారం ఇంకో చుట్టు చుట్టి దాచుకున్న రంగులవి.

"ఈ పసుపు వేసిన ఏడాది రోడ్డు మీద జట్కాలు తిరిగేవి" అన్నారు వేలితో తడుముతూ. "ఈ కుంకుమ నాడు మా ఆవిడ కాంతం అద్దానికి అవతల నిలబడి, కుడి చెంగు దింపు, ఇంకాస్త దింపు, అని చేత్తో సైగ చేసేది. నా మాట దానికి వినపడదు, దాని మాట నాకు వినపడదు. అయినా పోట్లాడుకునేవాళ్ళం. వంగపండు రంగు నాటికి అవతల ఎవరూ లేరు. నేనే బయటికెళ్ళి చూసి, నేనే లోపలికొచ్చి సర్దుకునేవాణ్ణి."

ఆయన వేలు వెనక్కి జరిగి, కుంకుమ దగ్గర కాసేపు ఆగింది.

తరవాత ఆ మూడో తెల్లముక్క తీసి ఆమె చేతిలో పెట్టారు. "క్రిస్మస్‌కి దీనికి రంగే అక్కర్లేదు. ఓ కాగితం నక్షత్రం వేలాడదియ్యి, చాలు."

సత్యవేణి గుడ్డ అందుకుంది గానీ కదల్లేదు. ఊరుకునే నోరు కాదు కదా ఆమెది.

"చివరికి మీదీ నల్లదే అయిందిగా మాస్టారూ?"

ఆయన మూలకి మళ్ళీ దారం చుడుతూ అన్నారు.

"అయిందమ్మా. కానీ ఇది నడిచొచ్చింది."