ఉప్పుకుండకు మూత

కుమ్మరి సారె తిరుగుతున్నంతసేపూ చెంచయ్య ఎవరి ప్రశ్నకూ జవాబు చెప్పేవాడు కాదు. సారె ఆగాక కూడా చాలాసార్లు చెప్పేవాడు కాదు. ఆదివారాలు ఊరి చివర ఆయన పాకకు సరదాగా కుండలు చేయడం నేర్చుకునేందుకు వచ్చేవాళ్ళు ఈ అలవాటుకు త్వరలోనే సర్దుకునేవారు. సర్దుకోలేకపోయినవాడు వామనరావు ఒక్కడే. నీటిపారుదల శాఖలో ముప్పై నాలుగేళ్ళు పటాలు గీసి పదవీ విరమణ చేసిన మనిషి. దేనికైనా ఒక కొలత ఉంటుందని, అడిగితే తెలిసినవాళ్ళు చెబుతారని ఆయన నమ్మకం.

శ్రావణంలో ఒక ఆదివారం ఆయన అడిగాడు: "చెంచయ్యగారూ, గాలి కూడా చొరకుండా కుండకు మూత చేయాలంటే ఎలా?"

చెంచయ్య సారె ఆపి చేతులు కడుక్కున్నాడు. "ఏ కుండకు?"

వామనరావు చెప్పాడు. ఇంట్లో ఒక మట్టి ఉప్పుకుండ ఉంది. భార్య కనకవల్లి తాను పోవడానికి నాలుగు రోజుల ముందు దాన్ని కల్లుప్పుతో నింపింది. పదకొండు నెలలుగా ఆయన అందులో చెయ్యి పెట్టలేదు. వంటకు పొట్లం ఉప్పు కొంటున్నాడు. వేసవిలో మూత ఆయన చేతిలోంచే జారి పగిలింది. వానలు మొదలైనప్పటి నుంచి ఉప్పు చెమ్మగిల్లి, కరిగి, కొద్దికొద్దిగా కిందికి దిగుతోంది.

"ఇలాగే వదిలేస్తే ఏమీ మిగలదు," అన్నాడు.

"ఒక స్టీలు పళ్ళెం బోర్లిస్తే సరిపోయేదానికి ఇంత ఆలోచనా సారూ?" అంది చెంచయ్య భార్య పేరమ్మ, మట్టి తొక్కుతూనే.

"బోర్లించానమ్మా. సందు ఉంది."

చెంచయ్య ఒక మట్టిముద్ద తెచ్చి ఆయన ముందు పెట్టాడు. "చేయండి."

కుండ మూతికి సరిగ్గా కొలిచి చేసిన మొదటి మూత, కుండలు కాల్చే ఆవంలో కాలి వచ్చాక ఆ మూతిలోంచి లోపలికి జారిపోయింది. ఎందుకని ఎవరూ చెప్పలేదు. వామనరావు పచ్చిమట్టి పలకమీద పన్నెండు అంగుళాల గీత గీసుకుని ఇంటికి తీసుకువెళ్ళి, రోజూ కొలిచి పుస్తకంలో రాసుకున్నాడు. తెల్లవారగానే ముందు దాని దగ్గరికే వెళ్ళేవాడు, కాఫీ సంగతి తరువాత. గీత కుదించుకోవలసినదంతా దాదాపు మొదటి మూడు రోజుల్లోనే కుదించుకుపోయింది. తరువాత మట్టి ఇంకా ఆరుతూనే ఉన్నా గీత దాదాపు కదలలేదు. అది ఆయనకు వింతగా తోచింది. ఆ లెక్కతో చేసిన రెండో మూత చదునుగా కూలిపోతే, "ఇది మూతా సారూ, అప్పడమా?" అంది పేరమ్మ. చాలా రోజుల తరువాత వామనరావు గట్టిగా నవ్వాడు.

నాలుగో మూత కుదిరింది. అంచును గరుకు కాగితంతో నున్నగా అరగదీసి పెడితే, మధ్యలో పలచని కాగితం ముక్క కూడా దూరలేదు. చెంచయ్య ఆ మాట విని తల ఊపాడు, అంతే.

మూడు వారాల తరువాత వామనరావు కుండను తువ్వాలులో చుట్టి, గుండెకు ఆనించుకుని వచ్చాడు. కుండ ఒంటినిండా తెల్లటి పూత. మట్టిలోంచి ఊరి, మూత అంచు చుట్టూ పేరుకున్న ఉప్పు రాయిలా బిగుసుకుపోయింది.

"రావడం లేదు. గట్టిగా లాగితే ఏది పగులుతుందో తెలియదు," అన్నాడు.

"తీయవలసిన పనేం వచ్చింది?" అన్నాడు చెంచయ్య. "తీయకుండా ఉంచడానికే గదా చేసుకున్నారు?"

వామనరావు నేలవైపు చూశాడు. "ఎలా ఉందో చూడాలనిపించింది."

చెంచయ్య తడిగుడ్డను అంచు చుట్టూ చుట్టి, కుండను పక్కన పెట్టి కూర్చున్నాడు. పేరమ్మ రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చింది. చాలాసేపటికి చెంచయ్య గుడ్డ విప్పి, మూతను బొటనవేళ్ళతో మెల్లగా తిప్పాడు. అది ఊడి వచ్చింది. లోపల ఉప్పు సగానికి పైగా ఉంది, గడ్డకట్టి ఉంది.

ఆయన తన మజ్జిగ ఒక గుక్క తాగి, "చప్పగా ఉంది," అన్నాడు. వామనరావు వద్దనేలోపే కుండలో చెయ్యి పెట్టి, గడ్డను చిదిమి, తన గ్లాసులో కొంత, వామనరావు గ్లాసులో కొంత వేశాడు.

వామనరావు గ్లాసును అలాగే పట్టుకుని ఉండిపోయాడు. ముప్పై ఏళ్ళు ప్రతిపూటా కనకవల్లి, "ఉప్పు సరిపోయిందా?" అని అడిగేది. ఆయన పటాల్లోంచి తల ఎత్తేవాడు కాదు. ఇప్పుడు గ్లాసు ఎత్తి ఆఖరి చుక్క వరకు తాగాడు.

"సరిపోయింది," అన్నాడు, ఎవరూ అడగకుండానే.

చెంచయ్య మూతను చూరు కింద బోర్లించి, సారె దగ్గరికి వెళ్ళి మట్టి అందుకున్నాడు.

"ఈ మూతను ఇక్కడే ఉంచండి. ఈసారి కాస్త వదులుగా చేద్దాం. రోజూ తీస్తారు గదా."