బానెట్‌కు అవతలి గొంతు

దస్తగిరి భార్య మాబున్ని పోయి ఏడాది దాటింది. అప్పటినుంచి అతను కనుమ మీది చిన్న దర్గాలో, ఖలీల్ షా బాబా దగ్గర శిష్యుడిగా ఉంటున్నాడు. దర్గాకున్న పాత కారు నడిపేది అతనే. కొండపల్లెల్లో ఎవరికి జబ్బు చేసినా కింద టౌనులోని ఆసుపత్రికి చేర్చాలి. వెనక సీట్లో వాళ్ళు మూలుగుతారు, ఏడుస్తారు, ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటారు. దస్తగిరి మాత్రం రోడ్డు చూస్తూ ఉంటాడు.

ఒక పొద్దున అతను బాబా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బాబా, కారు ఇంకెవరికైనా అప్పజెప్పండి. నాకు ఆ గుట్ట మీది గది ఇప్పించండి. మనుషుల్లో ఉండలేకుండా ఉండాను. ఒక్కణ్ణే కూర్చుని దేవుణ్ణి తలచుకుంటా."

బాబా చాలాసేపు అతని మొహం చూశాడు. "కారు పక్కన ఆ సొట్ట ఏంది నాయనా?"

"నిన్న కనుమ దిగతా ఉంటే ఎక్సలేటర్ పట్టేసింది. కాలు తీసినా ఇంజను అరస్తానే ఉండె. తాళం తిప్పేసి, గట్టుకు రాసి ఆపినా. బండిలో నేనొక్కణ్ణే."

"అట్లాంటి బండి ఇంకొకరి చేతికి ఎట్లిస్తాం? బాగుచేసిచ్చి, గదికి పో."

దస్తగిరి బానెట్ ఎత్తాడు. ఇంజను ఆపే ఉంది. ఎక్సలేటర్ వైరు కట్టిన మీటను చేత్తో లాగి వదిలితే, స్ప్రింగు దాన్ని చక్కగా వెనక్కి లాగుతోంది. లోపమేమీ కనపడలేదు. పెడలు నొక్కినప్పుడే ఎక్కడో పట్టేస్తోందన్నమాట. సీట్లో కూర్చుని నొక్కాడు, దిగి ముందుకొచ్చి చూశాడు. వచ్చేసరికి మీట వెనక్కి పోయి ఉంది. పెడలు మీద ఇటుక పెట్టి చూశాడు. ఇటుక నొక్కిపెడుతుందే గానీ, వదలదు. అతను చూడాల్సిందేమో వదిలే క్షణం.

ఎండ ఎక్కింది. అతను కారు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. ఎవరినీ పిలవలేదు.

డ్రైవరు వైపు తలుపు చప్పుడైంది. బాబా మోకాళ్ళు పట్టుకుని మెల్లగా సీట్లోకి దిగుతున్నాడు. ఇటుక తీసి కింద పడేశాడు.

"నొక్కతాండా" అన్నాడు లోపలినుంచి.

దస్తగిరి ఇంజను మీదికి వంగాడు. "ఊ."

"వదల్తాండా."

మీట వెనక్కి వచ్చింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ వదిలాడు. ప్రతిసారీ మీట సరిగ్గానే వస్తోంది. ఎత్తిన బానెట్ అడ్డం. ఒకరికి ఒకరు కనపడడం లేదు.

"బాబా."

"చెప్పు."

"నిన్న నేను తాళం ఎంబడే తిప్పలేదు."

దస్తగిరి మీట మీదినుంచి చూపు తిప్పలేదు.

"పోతే పోనీ అనుకున్నా. లోయ మలుపు దగ్గరికొచ్చింది. అప్పుడు భయమేసింది."

దస్తగిరి రెండు చేతులతో కారు అంచు పట్టుకున్నాడు. బాబా దిగి వస్తాడని, ఏదో ఒకటి అంటాడని ఎదురుచూశాడు.

"నొక్కతాండా నాయనా" అంది ఆ గొంతు. కొంచెం వణికింది. "చూస్తాండావా?"

"చూస్తాండా బాబా."

"వదల్తాండా."

ఈసారి మీట సగంలో ఆగిపోయింది. వైరు వంపు తిరిగే చోట తెగిన పోగు ఒకటి పైకి లేచి, తొడుగు మూతికి ముల్లులా గుచ్చుకుని ఉంది. ఒంటరిగా ఎంతసేపు చూసినా దొరకనిది అదే.

డిక్కీలో కొత్త వైరు ఉంది. పాతది ఊడదీసి, కొత్తది బిగించి, నూనె వేసేదాకా బాబా సీట్లోంచి కదల్లేదు. అడిగినప్పుడల్లా నొక్కాడు, చెప్పినప్పుడల్లా వదిలాడు. మీట టక్కున వెనక్కి వస్తోంది.

"సరిపోయింది బాబా. ఇంక దిగండి."

బాబా దిగలేదు.

"ఈడ కూర్చుంటే నువ్వు కనపడవు నాయనా. నువ్వు పలికితేనే నాకు తెలిసేది" అన్నాడు. పెడలు మీద కాలు పెట్టి అడిగాడు. "ఇంకోసారి నొక్కేదా?"

ఇక చూడాల్సిందేమీ లేదు. దస్తగిరి నూనె చేతులు గుడ్డకు తుడుచుకుంటూ అక్కడే నిలబడ్డాడు. మళ్ళీ ఇంజను మీదికి వంగాడు.

"నొక్కండి బాబా" అన్నాడు.