రాజుగారి పంచె ఎందుకు పొట్టిదైంది?

రండర్రా, ఇలా ముందుకు జరిగి కూర్చోండి. గోడకు ఆనుకున్నవాళ్ళకు నిద్రొస్తుంది, మీరూ రండి. ఇవాళ ఒక రాజుగారికి బుర్ర తిరిగిపోయిన కథ చెబుతాను.

ఒకానొక రాజ్యంలో ప్రతాపకేసరి అనే రాజు ఉండేవాడు. మనసు మంచిదే గాని, ఎటు చూసినా తన గొప్పే కనబడాలని ఆయనకు మహా కోరిక. ఒక ఏడాది ఏటికి వరదొచ్చి, ఒడ్డునున్న నేతవాళ్ళ గుడిసెలన్నీ కొట్టుకుపోయాయి. రాజు జాలిపడి, గుట్టమీద వాళ్ళకు పెంకుటిళ్ళు కట్టించి ఊరికే ఇచ్చాడు. ఎవరి దయవల్ల నీడ దొరికిందో మరచిపోకుండా, ఇంటింటి ముందూ వీధి నడిమధ్యన తన రాతి విగ్రహం నిలబెట్టించాడు. దాని జోలికి వెళ్ళినవాడికి కొరడా దెబ్బలేనని చాటింపు కూడా వేయించాడు.

నెల తిరిగేసరికి ఇళ్ళన్నీ ఖాళీ. నేతవాళ్ళు మళ్ళీ ఏటి ఒడ్డున తాటాకు పాకలు వేసుకున్నారు.

రాజుకు ఏమీ అర్థం కాలేదు. కప్పు కారుతోందేమోనని నీళ్ళు పోయించి చూశాడు. చుక్క దిగలేదు. దయ్యాలేమోనని భూతవైద్యుణ్ణి పంపాడు. అక్కడ దయ్యాలు కూడా కాపురం లేవని వాడు తిరిగొచ్చాడు. నేతవాళ్ళ పెద్ద భావనయ్యను పిలిపించి అడిగితే, ఇళ్ళు దివ్యంగా ఉన్నాయని చేతులు కట్టుకుని చెప్పాడు. మరి ఉండరేమంటే నేలచూపులు చూశాడు. బాగున్న ఇంట్లో మనుషులెందుకు ఉండరో తెలియక రాజుకు అన్నం సయించలేదు.

"అది పొగరు ప్రభూ. దసరా వెళ్ళగానే అందర్నీ పొలిమేర దాటించండి" అన్నాడు మంత్రి. విసిగిపోయిన రాజు సరేనన్నాడు.

ఆస్థానంలో నారభట్టు అనే చమత్కారి ఉన్నాడు. ఆయన లేచి ఒక మనవి చేసుకున్నాడు. దసరా ఊరేగింపుకు ప్రభువులు కట్టే జరీపంచె ఏటా నేసేది భావనయ్యే కదా, వెళ్ళగొట్టేలోగా ఆ పనీ చేయించుకుందాం. అయితే పనంతా కొత్త ఇంట్లోనే, విగ్రహానికి దారప్పోగు తగలకుండా జరగాలని ఆజ్ఞ ఇప్పించండి అన్నాడు. ఇందులో వింతేముందని రాజు ఒప్పుకున్నాడు.

దసరా నాడు నిండుసభలోకి వెండిపళ్ళెంలో పంచె వచ్చింది. జరీ అంచు ధగధగలాడుతోంది. కట్టుకుని వద్దామని రాజు తెరచాటుకు వెళ్ళాడు. ఎంతసేపటికీ బయటికి రాలేదు. చివరికి గొంతు మాత్రం వినిపించింది.

"నారభట్టూ, ఇది నడుం చుట్టూ కూడా రావడం లేదు. మిగతా పంచె ఏదయ్యా?"

"గోడ అవతల ఉండిపోయింది ప్రభూ."

రాజుకు మతి పోయినంత పనైంది. అప్పుడు భావనయ్య విడమరచి చెప్పాడు. గుడ్డ ఎంత పొడుగు కావాలో దారాలు అంత పొడుగునా సాగాలి. తెల్లారగానే వాటిని వీధి ఈ చివరినుంచి ఆ చివరికి పడుగుగా సాగదీసి, గంజి పట్టించి ఆరబెడితేనే మగ్గం ఎక్కించేది. ఇంట్లోనే సాగదీస్తే, మగ్గం పోగా మిగిలిన చోటెంతో గుడ్డా అంతే.

"అయితే వీధిలోనే సాగదీసుకోవచ్చుగా" అంది తెర వెనక గొంతు.

భావనయ్య నారభట్టు వైపు చూశాడు. నారభట్టే అందుకున్నాడు.

"ఎలాగ ప్రభూ? వీధి పొడుగునా తమరే నిలబడి ఉన్నారు. కాస్త పక్కకు జరగమని తమరితో అనేదెవరు?"

తెర కదలడం మొదలైంది. వెనక రాజు పడీపడీ నవ్వుతున్నాడు.

పాత పంచెతోనే బయటికొచ్చి, పొలిమేర దాటించే మాట రద్దు చేశాడు. విగ్రహాలన్నీ తన ఉద్యానవనానికి మోయించాడు. నడవడానికి చోటు లేకుండా పోయిందని రాణిగారు గొణుక్కున్నారట, అది వేరే సంగతి. నేతవాళ్ళు గుట్టెక్కారు. మరుసటి దసరాకు వచ్చిన పంచె రాజుకు కుచ్చిళ్ళు పోసినా ఇంకా మిగిలింది.

రాజు మురిసిపోయి, "నారభట్టూ, నీకూ ఒక భవనం కట్టిస్తాను" అన్నాడు.

"మహాప్రసాదం ప్రభూ. కాకపోతే పొయ్యి ఎటువైపు ఉండాలో ముందు మా ఆవిణ్ణి అడగండి."

సరే, ఇక లేవండి. మీ ఇళ్ళల్లో పొయ్యిమీద అన్నం దిగి ఎంతసేపైందో. చల్లారకముందే వెళ్ళి తినండి.