తవుడమ్మ మూడు కేకలు

అనగనగా కచేరీకి ఇంకా తాటాకు కప్పే ఉన్న కాలం. తాసిల్దార్లు గుర్రమెక్కి వచ్చి, ఒళ్ళు చేసి, ఎద్దుబండిలో తిరిగెళ్ళే కాలం. ఆ కచేరీ రికార్డు గదిలో తవుడమ్మ పని చేసేది. కాగితాలన్నీ ఊరికొక గుడ్డకట్టగా ఉండేవి. కట్టలు ఎండబెట్టడం, చెదలు దులపడం, వేపాకు వేసి మళ్ళీ కట్టడం ఆమె పని. గుమస్తాలకూ పనులుండేవంటారు. చూసినవాళ్ళు లేరు.

పాతబడ్డ కట్టను కాల్చాలంటే ఆ గదికొక ఆచారం ఉంది. తవుడమ్మ దాన్ని మెట్ల మీదికి తెచ్చి, ఊరి పేరు చెప్పి, "అడిగేవాళ్ళున్నారా?" అని మూడుసార్లు కేక వేయాలి. ఎవరైనా ఉన్నామంటే కట్ట మళ్ళీ గదిలోకి. లేకపోతే నిప్పులోకి.

ఒక కొత్త తాసిల్దారు వచ్చాడు. మేకలమిట్ట కరణం ఆయనకు బండెడు పనసపళ్ళు పంపాడు. ఊరి పశువులు మేసే బీడును కరణం దున్నుకున్నాడు. అది ఊరందరిదని చెప్పే కాగితం మేకలమిట్ట కట్టలో ఉంది. కట్ట కాలితే బీడు కరణానిదే. మేకల సంగతి మేకలే చూసుకోవాలి.

"మేకలమిట్ట కట్ట కాల్చెయ్" అన్నాడు తాసిల్దారు.

"కేకెయ్యందే కాల్చను బాబూ."

"వెయ్యి. త్వరగా."

అప్పటికే కరణం వచ్చి కచేరీ ప్రహరీ తలుపులు మూయించాడు. లోపల ఆ ఊరివాళ్ళు ఒక్కరూ లేరు.

తవుడమ్మ కేక వేసింది. "మేకలమిట్ట కట్ట. అడిగేవాళ్ళున్నారా?" ఎవరూ పలకలేదు. రెండోసారి వేసింది. కరణం మీసం సవరించుకున్నాడు. మూడోసారి వేసింది. వేసి, కట్టను మెట్టు మీద పెట్టి, దాని మీద కూర్చుంది.

"నానున్నాను" అంది.

"నీది ఆ ఊరు కాదుగా?" అన్నాడు తాసిల్దారు.

"ఏ ఊరని కేకలో లేదు బాబూ. అడిగేవాళ్ళున్నారా అనే ఉంది. నానడుగుతున్నాను."

తాసిల్దారు ఆమెను లాగెయ్యమని బంట్రోతుకు చెప్పాడు. అతనికి అప్పుడే నడుము పట్టేసింది. గుమస్తాకు చెప్పాడు. ఆయనకు ఆ రోజు ఉపవాసం, నోట్లో వడ ఉంది గానీ. కరణానికి చెప్పాడు. కరణం ఆమె కళ్ళలోకి ఒకసారి చూసి, చెప్పులు ఎక్కడ విడిచానా అని వెతుక్కోసాగాడు.

"నీ పని ఊడుతుంది" అన్నాడు తాసిల్దారు.

"ఊడనీండి. లేవను."

గోడ అవతల సంత. ఉల్లిపాయలమ్మే ఆవిడ ఆ కేకలు విని గాజులమ్మే ఆవిడకు చెప్పింది. పొద్దుగూకేలోగా మేకలమిట్ట అంతా తలుపుల దగ్గరకొచ్చింది, మేకలతో సహా. "మేవున్నాం" అన్నారు. కట్ట గదిలోకి వెళ్ళింది. బీడు ఊరిదే అయింది.

తవుడమ్మ పని ఊడింది. మర్నాడు ఎప్పటిలాగే వచ్చి కట్టలు ఎండబెట్టింది. ఆమెను పంపెయ్యమని ఎవరికి చెప్పినా నడుము పట్టేసేది.

చాలా ఏళ్ళకు తవుడమ్మ పోయింది. నా అన్నవాళ్ళు లేరు. చితి పేర్చాక కాటికాపరి, ఆమె పద్ధతే పాటిద్దామని, మూడుసార్లు కేక వేశాడు. "తవుడమ్మ. అడిగేవాళ్ళున్నారా?" తాలూకా తాలూకా అంతా "ఉన్నాం" అంది. అందులో కరణం గొంతు కూడా ఉందంటారు. నేను నమ్మను. ఉన్నామన్నాక ఇక కాల్చడం కుదరదు. కచేరీ మెట్ల పక్కనే కప్పెట్టారు.

ఇప్పటికీ అక్కడ పాత కాగితాలు కాల్చాలంటే ఆ మెట్ల మీద మూడు కేకలు వేస్తారు. దారినపోయే ఎవరో ఒకరు, ఏ ఊరివాళ్ళైనా సరే, "తవుడమ్మ ఉంది" అని పలుకుతారు. తాసిల్దార్లు విసుక్కుంటారు. విసుక్కుని, కట్ట లోపల పెట్టిస్తారు. ఆ గదిలో ఇప్పుడు కాలు పెట్టే చోటు లేదు.