ఆరుగురు అక్కచెల్లెళ్లు, పన్నెండు వోల్టులు

ఒకప్పుడు కారు బ్యాటరీలో మూడే గదులుండేవి. ఆ గదుల్లో ముగ్గురు అక్కచెల్లెళ్లు. ఒక్కొక్కరి బలం రెండు వోల్టులు. ముగ్గురూ వరసగా చేతులు పట్టుకుంటే ఆరు. ఆ కాస్త బలంతోనే లైట్లు వెలిగించాలి, హారన్ మోగించాలి, ఇంజన్‌ని నిద్ర లేపాలి. పాపం, ఎంత చాకిరీ!

ఒక చలికాలం అరకు కొండల్లో తవుడు అనే కుర్రాడికి పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకుని తీసుకెళ్లడానికి పొద్దున్నే ఆడపెళ్లివారి కారు వచ్చింది. మగపెళ్లివారి కారూ ముస్తాబై నిలబడింది. ఇక చూడండి గొప్పలు!

"మా హారన్ ఇనండి!" అంటూ మగపెళ్లివారి డ్రైవర్ సన్యాసయ్య గంటసేపు మోగించాడు.

"మా లైట్లు సూడండి!" అంటూ ఆడపెళ్లివారి డ్రైవర్ పైడయ్య ఎండెక్కేదాకా వెలిగించాడు.

తీరా బయలుదేరబోతే, రెండింటిలోని అక్కచెల్లెళ్లూ అలిసిపోయి, రెండు కార్లూ "కిర్... కిర్..." మని ఊరుకున్నాయి. తోద్దామంటే దారంతా ఎత్తే.

"ముహూర్తం దాటిపోతే మరి మూడు నెల్ల దాకా లేదు. ఏటి సేసీది బాబూ!" అని తవుడు బాసికంతో సహా నేలమీద కూలబడ్డాడు.

మబ్బులోంచి మెరుపు తొంగిచూసింది. "నేను దిగనా? నా దగ్గర కోట్ల వోల్టులున్నాయి!"

"అమ్మో, వద్దు తల్లీ!" అంది సన్యాసయ్య కారులోని పెద్దక్క. "మా సన్యాసయ్య రోజూ ఉత్త చేతుల్తో మా తలమీది తుప్పు తుడుస్తాడు. నువ్వొస్తే ఆ చేతులు మిగుల్తాయా?"

మెరుపు మూతి ముడుచుకుని వెళ్లిపోయింది.

పెద్దక్క పక్క కారువైపు తిరిగింది. "వదినలూ! పెళ్లైతే ఎలాగూ చుట్టాలమే. ఇప్పుడే వచ్చి చేతులు కలపండి."

"మా కారు ఇక్కడే ఉండిపోతుందిగా! పరువేం కావాలి?" అన్నారు ఆ ముగ్గురూ. తవుడు కళ్లు తుడుచుకోవడం చూశాక మాత్రం వాళ్ల మనసు కరిగిపోయింది.

వాళ్ల మాటలు విని పైడయ్య తన బ్యాటరీ విప్పి తెచ్చాడు. సన్యాసయ్య రెండింటినీ తీగతో కలిపాడు. ఆరుగురూ వరసగా చేతులు పట్టుకున్నారు. పన్నెండు వోల్టులు! సన్యాసయ్య చెయ్యి చురుక్కుమననైనా లేదు. ఇంజన్ మాత్రం "బుర్ర్" మని లేచింది.

ఇరువైపులవాళ్లూ ఒకే కారులో ఇరుక్కుని కూర్చున్నారు. తవుడు సమయానికి తాళి కట్టాడు. ఎంత సంతోషమో!

పెళ్లయ్యాక పైడయ్య తన బ్యాటరీ తీసుకోబోయాడు. ఆరుగురిలో ఒక్కరూ చెయ్యి వదల్లేదు.

అప్పటినుంచే కారు బ్యాటరీకి ఆరు గదులు, పన్నెండు వోల్టులు. ఈనాటికీ ఆ ఆరుగురిలో ఒక్కరు అలిగి చెయ్యి వదిలితే చాలు, బండి కదలదు.