ఓబులమ్మ చెవి దగ్గరికి వచ్చినవాడు

"స్వామీ, దేహం మట్టి అని మీరే చెబుతారు. మట్టిని రోజూ తోముకోవడం దేనికి?"

శంభుదాసు ఈ ప్రశ్న అడిగింది పొద్దున్నే, ఆశ్రమం బావిగట్టు మీద. గురువు పూర్ణబోధస్వామి అతనికి వేపపుల్ల అందిస్తున్నారు. అతను చెయ్యి చాపలేదు. జపదీక్ష పట్టినప్పటి నుంచి శంభుదాసు పళ్ళు తోమలేదు, పుక్కిలించి ఉమ్మలేదు. నామం నిండిన నోటిని కడిగి ఉమ్మేస్తే జపఫలం కూడా నేలపాలవుతుందని అతనికి తోచింది. ఈ మాట అతనికి ఎవరూ చెప్పలేదు, ఏ శాస్త్రంలోనూ లేదు. శ్రద్ధ మితిమీరినవాళ్ళు ఇలాంటివి తమంతట తామే కనిపెట్టుకుంటారు, పైగా పట్టిన పట్టు విడవరు. భోజనాల పంక్తిలో తోటి శిష్యులు దూరం జరిగి కూర్చుంటుంటే, తన తేజస్సుకు జంకుతున్నారనుకుని లోలోపల మురిసిపోయాడు కూడా.

స్వామి వాదనలు పెట్టుకునే మనిషి కారు. పుల్లను నడుమున దోపుకున్నారు.

ఆ మధ్యాహ్నమే కొండ కింది పల్లె నుంచి నాగిరెడ్డి పరుగున వచ్చాడు. తల్లి ఓబులమ్మకు చూపు ఏనాడో పోయింది, ఇప్పుడు ప్రాణం పోతోంది. ఆ చుట్టుపక్కల ఎవరు కన్నుమూయబోతున్నా ఆశ్రమం నుంచి ఒకరు వెళ్ళి చెవిలో నారాయణ నామం చెప్పాలి. అది వింటూ పోయినవాళ్ళకు దారిలో భయం ఉండదని ఆ పల్లెల నమ్మకం.

"మాయమ్మ శానా భయపడతాంది సామీ. ఆ మాట చెవినబడితే నిమ్మళంగా పోతాది," అన్నాడు నాగిరెడ్డి.

శంభుదాసు గురువు కాళ్ళు పట్టుకున్నాడు. "ఈసారి నన్ను చెప్పనివ్వండి స్వామీ." అతను దీక్ష పట్టిందే ఈ పనికి తగినవాణ్ణి కావాలని. స్వామి తనూ బయల్దేరుతూ, "నీ ఇష్టం. పద," అన్నారు.

ఆ ఇంట్లో అంత ఎండలోనూ చీకటిగానే ఉంది. నులకమంచం మీద ముసలమ్మ, చుట్టూ ఆడవాళ్ళు. శంభుదాసు మంచం పక్కన కూర్చుని జపం మొదలుపెట్టగానే గుసగుసలు ఆగిపోయాయి. కోడలు కొంగుతో ముక్కు మూసుకుని మంచం కిందికి వంగి చూసింది. ఒకామె గాదె వెనక వెతికింది. ఇంకొకామె, అప్పుడే పోయిందేమోనని, ముసలమ్మ పాదాలు తడిమింది. వెచ్చగానే ఉన్నాయి. ఆ వాసన ఎక్కడిదో ఎవరికీ అంతుపట్టలేదు. శంభుదాసుకైతే ఏ వాసనా తెలియలేదు. అతను వంగి, ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, "నారాయణా" అన్నాడు.

ముసలమ్మ కళ్ళు తెరిచింది. చూపులేని ఆ కళ్ళు సరిగ్గా అతని నోటివైపు తిరిగాయి.

"వచ్చినావా?" అంది. "పూడ్చిన గుంతలో నుంచి నేరుగా లేసొచ్చినావే. కుళ్ళు గూడా కడుక్కోలేదు."

అతను మళ్ళీ నామం చెప్పాడు. ఊపిరి తగిలినప్పుడల్లా ఆమె గోడవైపు జరిగింది.

"దేవుని పేరు చెప్తే మోసపోతాననుకున్యావా? ఒరే నాగీ! వీడు నా చెవిలో నుంచి లోపలికి దూరుతాండాడు. తోలండిరా వీన్ని!"

ఆడవాళ్ళు గోడలకు కరుచుకుపోయారు. శంభుదాసు మెల్లగా తల తిప్పి వెనక్కి చూశాడు. తన వెనక ఎవరో నిలబడి ఉన్నారనే అనుకున్నాడు. అక్కడ ఎవరూ లేరు. అప్పుడు అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఊది చూసుకున్నాడు. ఆ కుళ్ళు వాసన తన నోటిదే. భయం పోగొట్టాలని ఆశపడి వచ్చినవాడు ఆ తల్లిని భయంతోనే పంపబోతున్నాడు. ఏడుపు ముంచుకొచ్చింది.

మంచం కాళ్ళవైపు నిలబడ్డ స్వామి నడుమున ఉన్న వేపపుల్ల తీసి ఇచ్చి, పెరటివైపు చూపించారు.

శంభుదాసు పరుగెత్తాడు. పుల్ల నమిలి పళ్ళూ చిగుళ్ళూ తోమాడు, దవడపళ్ళ వెనక్కి కూడా పోనిచ్చాడు. పుల్లను నిలువునా చీల్చి నాలుక గీసుకుంటే పాచి ముద్దలుగా ఊడి వచ్చింది. దాన్ని చూడలేక కళ్ళు మూసుకున్నాడు. కోడలు చెంబుతో ఉప్పునీళ్ళు తెచ్చిపెడితే మళ్ళీ మళ్ళీ పుక్కిలించి ఉమ్మాడు. అతను ఉమ్మిన ప్రతిసారీ లోపల ముసలమ్మ కేక కాస్త సన్నబడుతోంది. ఆమె భయం తగ్గుతోందో, ప్రాణమే తగ్గుతోందో అతనికి తెలియలేదు. ఎక్కడ ఆలస్యమైపోతుందోనని పరుగున లోపలికి వచ్చి, మళ్ళీ ఆమె చెవి దగ్గర వంగి నామం చెప్పాడు.

ఈసారి ఆమె జరగలేదు. ముడుచుకున్న నొసలు మెల్లగా విప్పారింది.

"వాడు పాయనా?" అని అడిగింది.

"పోయాడమ్మా."

"మల్లా రాడు గదా?"

శంభుదాసు నామమే చెబుతూ కూర్చున్నాడు. ఓబులమ్మ చెవిని అతనివైపు ఒగ్గి, వింటూ వింటూ వెళ్ళిపోయింది.

పొద్దు వాలుతుండగా గురుశిష్యులు కొండ ఎక్కుతున్నారు. శంభుదాసు ఒకటి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"స్వామీ, ఇంతకీ ఆమె దగ్గరికి వచ్చింది ఎవరు?"

స్వామి నడక ఆపలేదు.

"ఎవరైతే నీకెందుకు నాయనా? నువ్వు నిద్రపోయినప్పుడల్లా వస్తాడు. పొద్దున్నే, ఎవరినీ పలకరించక ముందే, వాణ్ణి సాగనంపు."