ఊడదీసిన దారం

సువార్తమ్మకు ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే నోటితో జవాబు చెప్పదు, చేతికి పని ఇస్తుంది. నరసాపురం పక్కన ఆ వీధిలో లేసు అల్లే ఆడవాళ్లలో సగం మంది ఆవిడ వరండాలో సూది పట్టడం నేర్చుకున్నవాళ్లే. అత్తతో పడలేకపోతున్నానని ఏడ్చుకుంటూ వచ్చిన కోడలి ఒళ్లో చిక్కుపడ్డ దారపు ఉండ పడేసింది. దేవుడున్నాడా లేడా తేల్చమని నిలదీసిన కాలేజీ పిల్ల చేత ఇరవై వరసల అంచు అల్లించింది. దేవుడి సంగతి తేలిందో లేదో ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు గానీ, అంచు మాత్రం చక్కగా కుదిరింది.

ఒక శనివారం పొద్దున్నే సత్యవేణి వచ్చింది. పెళ్లికి ముందు నాలుగేళ్లు ఆ వరండాలో అల్లిక నేర్చుకున్న మనిషి. డిగ్రీ చదివింది. మాటకు మాట అప్పజెప్పగలదు. వెనకాలే కూతురు ప్రణవి, పన్నెండేళ్ల పిల్ల, లెక్కల పుస్తకం గుండెకు హత్తుకుని వచ్చింది. ఐదు వారాల కిందటి దాకా ఆ పిల్లది ఏడో తరగతి.

"రెండో శనివారం సెలవు కూడా పుస్తకమేనా వదినా?" అంది, అక్కడ అల్లుకుంటూ కూర్చున్న రాహేలు.

"మా బడికి సెలవుల్లేవు," అంది సత్యవేణి. కూతుర్ని వరండా చివర కూర్చోబెట్టి "ఏడో లెక్క చెయ్యి" అని చెప్పి, సువార్తమ్మ ఎదుట చాప మీద కూలబడింది.

"మామ్మగారూ, దీన్ని బడి మాన్పించడం నేను చేసిన తప్పా? తప్పే అనండి, సోమవారం తీసుకెళ్లి మళ్లీ అదే బళ్లో దింపేసి వస్తాను. హెడ్మాస్టరు కబురు పంపించాడు, సోమవారం రాకపోతే పేరు కొట్టేస్తాడంట. మావారూ అదే పాట. ఎవరి మాటా వినలేదు ఇన్నాళ్లూ. మీ మాట వింటాను. చెప్పండి."

సువార్తమ్మ చెప్పలేదు. అప్పుడు సత్యవేణి, జరిగింది ఆ వీధిలో అందరికీ తెలిసినా, మళ్లీ మొదట్నుంచీ చెప్పుకొచ్చింది. చెప్పకపోతే ఊపిరాడదన్నట్టు చెప్పింది.

సోషల్ క్లాసులో పిల్ల చిటికెన వేలు చూపించింది. మాస్టారు చూసి చూడనట్టు పాఠం చదువుతూనే ఉన్నాడు. మళ్లీ చూపిస్తే "ఇంటర్వెల్లులో ఏం చేశావ్?" అన్నాడు. ఇంటర్వెల్లులో ఏం చేస్తుంది! నూట ఎనభై మంది ఆడపిల్లలకు గడియ పడే తలుపు ఒక్కటి. వరసలో నిలబడింది, తన వంతు రాకముందే బెల్లు కొట్టేశారు. మూడోసారి లేచి నిలబడితే "కూర్చో" అన్నాడు. కూర్చుంది. కూర్చున్నచోటే అయిపోయింది. క్లాసంతా నవ్వింది. నవ్వొద్దని వాళ్లను గదమాయించాల్సిన పెద్దమనిషి గుడ్డ తెప్పించి ఆ పిల్ల చేతే బెంచీ తుడిపించాడు. "ఏడో తరగతికొచ్చినా ఉగ్గపట్టుకోవడం రాలేదా?" అన్నాడు.

ఉగ్గపట్టుకోవడం ఏ సిలబస్సులో ఉందో చూపించమని సత్యవేణి హెడ్మాస్టర్ని అడిగింది. ఆయన కుర్చీలోంచి లేవకుండానే "ఇంత చిన్న విషయానికి గొడవెందుకమ్మా" అన్నాడు. చిన్న విషయం! ఆయన గది వెనక ఆయనకంటూ తలుపూ గడియా నీళ్లూ ఉన్నాయి కాబట్టి చిన్న విషయం. ఆ నిమిషానే పిల్ల సంచి భుజాన వేసుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని గేటు దాటి వచ్చేసింది.

"ఆ మాస్టార్ని ఒక్కరు ఒక్క మాటన్నారా మామ్మగారూ? అందరూ నా మీద పడ్డారు. మా ఆడపడుచు 'ఇంట్లో కూర్చోబెట్టి పెళ్లి చేసేస్తావా' అంది. ఆయనేమో 'నువ్వేమన్నా టీచరువా పాఠాలు చెప్పడానికి' అన్నారు. 'అతను టీచరేనా?' అన్నాను. ఆ రోజంతా అన్నం తినలేదు ఆయన."

రాహేలు ఫక్కున నవ్వి, సువార్తమ్మ మొహం చూసి మానేసింది.

"ఎవరి చేతా మాట పడకూడదని నేనెంత చేశానో చూడండి. గోడకు టైంటేబులు అంటించాను. తొమ్మిదింటికి స్టీలు పళ్లెం మీద గరిటెతో బెల్లు కొడతాను. రోజుకు ఎనిమిది పీరియడ్లు. వాళ్ల పీరియడు నలభై నిమిషాలైతే మాది నలభై ఐదు. వాళ్లు వారానికో పరీక్ష పెడితే నేను రెండు పెడుతున్నాను. పదో తరగతి ఓపెన్ స్కూల్లో రాయించి ఆ హెడ్మాస్టరు బల్ల మీద మార్కుల కాగితం పెట్టి వస్తాను. ఇంత చేస్తుంటే ఇదేమో..."

గొంతు తగ్గించింది. "ఇదివరకు పకోడీలు కట్టిన కాగితం కూడా విప్పి చదివేది. గోదారి నీళ్లు వానాకాలంలోనే ఎందుకు ఎర్రబడతాయని ప్రాణం తీసేది. ఇప్పుడు రాయమన్నది రాస్తుంది. చదవమన్నది చదువుతుంది. పుస్తకం మూసెయ్యమంటే మూసేస్తుంది. నోట్లోంచి ఒక్క ప్రశ్న రాదు. బడి మాన్పిస్తే మొద్దయిపోయిందని అందరూ అంటుంటే, మొన్నటి దాకా పోట్లాడాను. ఇప్పుడు నాకే నిజమేమో అనిపిస్తోంది."

సువార్తమ్మ పక్కనున్న బుట్టలోంచి, బల్ల మీద పరిచే గుండ్రటి లేసొకటి తీసింది. ఎవరో నేర్చుకునే పిల్ల అల్లింది. నాలుగో వరసలో లెక్క తప్పింది. "ఊడదీసి, మళ్లీ అల్లు," అంది. ఆ పొద్దున ఆవిడ అన్న మొదటి మాట అదే.

సత్యవేణికి ఒళ్లు మండింది. ఇల్లు అంటుకున్నంత కష్టం చెప్పుకుంటే లేసు అల్లమంటుందేమిటీ ముసలావిడ? అయినా సూది అందుకుంది. దారం కొస పట్టి బరబరా లాగేసింది. వరస తర్వాత వరస ఊడి ఒళ్లో కుప్పపడింది. ఆ కుప్పలోంచే మళ్లీ గొలుసు కుట్టు మొదలుపెట్టింది. వేళ్లు అల్లుతున్నాయి, నోరు మాత్రం ఆ బడిని వదల్లేదు.

వరండా చివర ప్రణవి చిటికెన వేలు పైకెత్తింది. సత్యవేణి చూసింది, హెడ్మాస్టరు అన్నదేమిటో రాహేలుకు చెప్పడం మధ్యలో ఉంది, చెబుతూనే ఉంది. కాసేపటికి పిల్ల మళ్లీ ఎత్తింది.

"ఆ లెక్క అవ్వనీ," అంది సత్యవేణి సూది మీంచి కళ్లు తియ్యకుండా.

పిల్ల లేచి నిలబడింది.

"కూర్చో."

ప్రణవి కూర్చుంది. మోకాళ్లు దగ్గరికి నొక్కుకుని, పెన్సిలు పట్టుకుని, ఏడో లెక్క మీదికి వంగింది.

రాహేలు అల్లడం ఆపేసింది. ఆ మాట ఎక్కడ విన్నదో గుర్తురావడానికి సత్యవేణికి ఒక నిమిషం పట్టింది. గుర్తొచ్చాక, సూది వేళ్లలోంచి జారి చాప మీద పడింది.

సువార్తమ్మ లేచింది. ఆవిడ లేవాలంటే గుంజ పట్టుకోవాలి, అయినా ఈసారి అది పట్టుకోకుండానే లేచి పిల్ల దగ్గరికెళ్లి నిలబడింది.

"పెరట్లో కుడివైపు. గడియ ఉంది. వెళ్లు అమ్మడూ. ఈ ఇంట్లో దానికి ఎవర్నీ అడగక్కర్లేదు."

పిల్ల కదల్లేదు. తల తిప్పి తల్లి వైపు చూసింది. వెళ్లమంటుందా, వద్దంటుందా అని చూసింది. పన్నెండేళ్ల పిల్ల, కన్నతల్లిని అలా చూసింది.

సత్యవేణి వెళ్లమన్నట్టు తలూపింది. అప్పుడు ప్రణవి పరిగెత్తింది.

సువార్తమ్మ వెనక్కి వచ్చి కూర్చుని, సత్యవేణి ఒళ్లోంచి ఆ లేసు తీసుకుని చాప మీద పరిచింది. అది పరుచుకోలేదు. అంచులన్నీ పైకి లేచి, అప్పడంలా ముడుచుకుపోయింది. ఆవిడ ఊడదీసిన కుప్పలోంచి మూర దారం లాగి సత్యవేణి చేతికిచ్చింది. "సాగదియ్యి."

సాగదీసింది. వదిలేసింది. దారం మళ్లీ మెలికలు తిరిగి, పాత కుట్టు ఆకారంలోకే వచ్చేసింది.

"నేను నేర్పలేదుటే?" అంది సువార్తమ్మ.

"నేర్పారండి." సత్యవేణి గొంతు వినపడీ వినపడనట్టుంది. "ఊడదీసిన దారాన్ని తడిపి, కొసకు చిన్న బరువు కట్టి దండెం మీద వేలాడదియ్యాలి. మెలికలు వాటంతటవే పోయేదాకా ముట్టుకోకూడదు. పోకుండా అల్లితే ఎంత పనిమంతురాలు అల్లినా ఇలాగే ముడుచుకుంటుంది."

"మరి?"

"కోపంలో మర్చిపోయాను."

"కోపం తప్పని నేనన్నానా?" ఆవిడ కళ్లలో నీళ్లున్నాయి గానీ మాటలో తడి లేదు. "అతని మీద, ఆ కుర్చీలో కూర్చున్నాయన మీద, బతికున్నన్నాళ్లూ కోపంగానే ఉండు. సోమవారం వెళ్లి, ఆ తలుపులన్నిటికీ గడియలు పెట్టేదాకా ఆ గుమ్మంలో కూర్చుంటావా, నన్నూ తీసుకెళ్లు, వస్తాను. కానీ ఆ కోపం నీది. దాన్ని పిల్ల చేత ఎనిమిది పీరియడ్లు అప్పజెప్పించకు."

సత్యవేణి కొంగుతో మొహం తుడుచుకుంది. పోట్లాటలో ఓడిపోవడం ఆమెకు అలవాటు లేదు. ఓడిపోయినట్టూ అనిపించలేదు.

"పంపనండి. సోమవారమే కాదు, ఏ వారమూ పంపను. పేరు కొట్టేసుకోనీండి. బెల్లు కొట్టను. టైంటేబులు చింపేస్తాను," అంది. అన్నదో లేదో, చెయ్యాల్సిన పనుల లెక్క మళ్లీ ఆమె బుర్రలో మొదలైపోయింది. "అయితే మామ్మగారూ, ఎన్నాళ్లు వదిలెయ్యాలంటారు? వారం చాలా? నెలా? ఆ తర్వాత లెక్కలతో మొదలెట్టనా, సైన్సుతోనా? పొద్దున కూర్చోబెట్టనా, సాయంత్రమా? అసలు దానికేం ఇష్టమో ఎలా తెలుసుకోను?"

సువార్తమ్మ ముడుచుకుపోయిన లేసును చేతిలోకి తీసుకుని, నెమ్మదిగా ఊడదియ్యడం మొదలుపెట్టింది.

"ఇవన్నీ నన్నడుగుతావేమే?" అంది. "అదిగో, పిల్ల వస్తోంది."